కథ విన్న చెవి – కాయకము చేయు చేయి



మన వీరశైవ ధర్మము కథలచేత పెరిగిన ధర్మము. పన్నెండవ శతాబ్దిలో కల్యాణమున బసవేశ్వరుడు వెలిగించిన దీపమును తెలుగునేలకు తెచ్చిన మహాకవి పాల్కురికి సోమనాథుడు. ఆయన బసవపురాణమును చెప్పబూని రాజుల చరిత్రలను ఆశ్రయింపలేదు. జనులు పాడుకొను ద్విపదను గైకొని చాకలి మడివాలు మాచయ్య కథను, కుమ్మరి గుండయ్య కథను, ముగ్ధ భక్తుల కథలను జాను తెనుగున చెప్పినాడు. సిద్ధాంతము తెలిసినవాడు నూరుగురిలో ఒక్కడుండును. కథ విని తలయూపువారు నూరుగురును ఉందురు. ఆ రహస్యము ఆ మహాకవికి తెలియును. కావున నేడు కొన్ని జానపద కథలను ముందుంచుకొని నేల, నీరు, చెట్టు అను మూడింటిని గూర్చి నాలుగు మాటలు చెప్పబూనుట మన సంప్రదాయమునకు విరుద్ధము కాదని తలచుచున్నాను.

బసవేశ్వరుడు పర్యావరణమును గూర్చి ఉపదేశించెనని నేను చెప్పబోను. ఆనాడు ఆ మాటయు లేదు, ఆ చింతయు లేదు. చెరువులు నిండియుండెను, అడవులు ఊరి పొలిమేర దాక ఉండెను. మహాపురుషులు చెప్పని మాటను వారి నోట పెట్టుట భక్తి కాదు. అయితే వారు చెప్పిన ఆచారమును నేటి కష్టమునకు అన్వయించి చూచుకొనుట మన ధర్మము. వైద్యుడు చెప్పిన పథ్యము రోగమునకు తగినట్లు పాటింపవలసినదే గదా!

పర్యావరణమను పదమును కొంచెము విడదీసి చూడుడు. పరి, ఆవరణము అను రెండు మాటలు కలసి యణాదేశ సంధిచేత పర్యావరణమైనది. చుట్టును కప్పియున్నదని అర్థము. ఆవరణమను మాట మనకు కొత్తది కాదు. గురువు, లింగము, జంగమము, విభూతి, రుద్రాక్ష, మంత్రము, పాదోదకము, ప్రసాదము అను ఎనిమిదియు మనకు అష్టావరణములు. భక్తుని కాపాడు ఎనిమిది కవచములవి. వీనిలో విభూతి గోమయమునుండి పుట్టినది. రుద్రాక్ష చెట్టున కాచినది. పాదోదకము నీరు. ప్రసాదము నేల ఇచ్చిన అన్నము. ఎనిమిదింటిలో నాలుగు మన చుట్టునున్న ప్రకృతినుండియే వచ్చుచున్నవి. ఆవు మేయుటకు బీడు లేక, చెట్టు నిలుచుటకు చోటు లేక, చెరువున నీరు లేక, నేల విషపు మందులతో నిండినచో ఈ నాలుగు కవచములను మనము ఎక్కడినుండి తెచ్చుకొందుము? అష్టావరణమును ధరించువాడు పర్యావరణమును విస్మరించుట తాను కట్టుకొన్న వస్త్రమును తానే చించుకొనుట వంటిది.

ఇక కథలకు వత్తును.

ఏడు చేపల కథ ఎరుగని తెలుగు బిడ్డ లేడు. చేపలు మన వంటింటి వస్తువు కాకపోయినను ఆ కథ మన ఇండ్లలోను అవ్వల ఒడిలో విన్నదే. రాజుగారి ఏడుగురు కొడుకులు తెచ్చిన ఏడు చేపలలో ఒకటి ఎండలేదు. ఎందుకెండలేదని అడుగగా అది గడ్డిమేటు మీద నేరము మోపినది. గడ్డిమేటు ఆవు మీద, ఆవు కాపరి మీద, కాపరి అన్నము పెట్టని అవ్వ మీద, అవ్వ ఏడ్చిన పిల్లవాని మీద, పిల్లవాడు కుట్టిన చీమ మీద చెప్పుకొనిరి. చివరకు చీమ మాత్రము ఎవరి మీదను చెప్పలేదు. తన పుట్టలో వేలు పెట్టినందున కుట్టితినని నిజము చెప్పినది.

ఈ కథను మనము నవ్వుకొనుటకే చెప్పుచున్నాము. ఇందులో రెండు పాఠములున్నవి. మొదటిది: చీమల పుట్టకును రాజుగారి చేపకును నడుమ తెగని గొలుసు ఒకటి కలదు. ఎక్కడనో ఒక చిన్న ప్రాణి ఇంటిని కదిలించినచో ఆ కదలిక ఆవునకు, గడ్డికి, రాజుగారి ఇంటికిని తప్పక చేరును. ఊరి ఎగువన వాగు కాలువను ఒకడు పూడ్చినచో దిగువన చెరువు నిండదు. చెరువు నిండనిచో చుట్టునున్న బావులు ఊరవు. బావులు ఊరనిచో ఆడుబిడ్డ బిందె పట్టుకొని మైళ్ళు నడువవలెను. రెండవ పాఠము ఇంకను లోతైనది. గొలుసులో ప్రతివాడును పక్కవానిని చూపినాడే గాని తన పని తాను చేయలేదు. నేడును మనము అట్లే చేయుచున్నాము. చెరువు ఎందుకెండినదని అడిగినచో వాన లేదందుము. వాన ఎందుకు లేదనినచో అడవి లేదందుము. అడవి ఎందుకు లేదనినచో ప్రభుత్వమందుము. వేలు పెట్టినవాడెవడో మాత్రము చెప్పము. కాయకము అనగా ఈ గొలుసులో తన కడియమును తాను గట్టిగా పట్టుకొనుట. కాపరి ఆవును మేపియుండినచో కథ అక్కడనే ఆగియుండెడిది.

మన పల్లెలలో వేరొక జాతి కథలును కలవు. ఊరి బయటి మర్రి మీద దయ్యమున్నదని, చెరువు గట్టు చింత మీద కొరివి కలదని, సంధ్యవేళ కొమ్మ విరిచినచో పట్టుకొనునని పెద్దలు పిల్లలను బెదరించెడివారు. ఆ బెదరింపు వలన ఎన్నో వృక్షములు మూడు నాలుగు తరములు నిలిచినవన్నది సత్యము. అందుచేత కొందరు విద్యావంతులు ఆ భయములను తిరిగి పిల్లలకు నేర్పుట మేలందురు. నేను ఆ మాటకు సమ్మతింపలేను. బసవేశ్వరుడు మనలను క్షుద్ర దైవముల భయమునుండి విడిపించినాడు. ఇష్టలింగమును కరమున నిలిపినవానికి మర్రి మీది దయ్యముతో పనియేమి? మరియొక కారణమును కలదు. భయము కాపాడిన చెట్టు భయము పోయిననాడు కూలును. ఊరిలో విద్యుద్దీపము వచ్చినది, దయ్యము పోయినది, ఆ మరునాడే రంపము వచ్చినది. ఇది మనమందరము కన్నులార చూచిన సంగతి. కావున భయపెట్టు కథ మనకు చాలదు. ఆచారమును నిలుపు కథ కావలెను.

అట్టి కథ ఒకటి కన్నడ సీమలో ప్రచారములో నున్నది. ఎ. కె. రామానుజన్ గారు సేకరించిన జానపద కథలలో అది ప్రసిద్ధమైనది. ఒక పేద తల్లికి ఇద్దరు కూతుళ్ళు. తల్లి కష్టము చూడలేక చిన్నకూతురు తాను చెట్టుగా మారుటకు నిశ్చయించుకొని అక్కకు చెప్పినది: ‘ఈ చెంబు నీరు నా మీద పోయుము. నేను పూలచెట్టు నగుదును. పూలు కోసికొనుము గాని కొమ్మ విరువకుము, ఆకు తుంపకుము. పిదప ఆ చెంబు నీరు పోసినచో తిరిగి మనిషి నగుదును.’ అక్క ఆ ప్రకారమే చేసినది. పూలమ్మి ఆ కుటుంబము బ్రదికినది. కాలక్రమమున ఆ చిన్నది రాజకుమారుని పెండ్లాడినది. ఆడుబిడ్డ తన చెలికత్తెలతో కూడి ఆమెను తోటకు తీసికొనిపోయి చెట్టుగా మారుమని బలవంతపెట్టినది. ఆ పిల్లలు ఆత్రముతో పూల కొరకు కొమ్మలు విరిచిరి, ఆకులు దూసిరి. నీరును సరిగా పోయలేదు. ఆమె కాళ్ళు చేతులు లేని మొండెమై మురికి కాలువలో పడిపోయినది. చివరకు భర్త ఆమెను గుర్తించి, తిరిగి చెట్టుగా మార్చి, విరిగిన ప్రతి కొమ్మను అతికి, తెగిన ప్రతి ఆకును సరిచేసి నీరు పోయగా ఆమె పూర్వరూపము పొందినది.

తల్లులారా! ప్రతి ప్రాతఃకాలమున శివపూజకు పూలు, పత్రి కోయునపుడు ఈ కథ తలచుకొనుడు. పూలు కోయుట పాపమని కథ చెప్పలేదు. అక్కయు కోసినది, ఆడుబిడ్డయు కోసినది. ఒకతె చేతిలో చెట్టు బ్రదికినది. మరియొకతె చేతిలో చెట్టు మొండెమైనది. భేదము చేతిలో ఉన్నది, చేతి వెనుకనున్న మనసులో ఉన్నది. మహాశివరాత్రికి ఒక బిల్వవృక్షము పడు పాట్లు చూచినవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. మూడు దళముల కొరకు మూరెడు కొమ్మను విరుచుకొనిపోవు భక్తులున్నారు. బండి కట్టి నరికి తెచ్చి అంగటిలో అమ్మువారును ఉన్నారు. అది అర్చన అగునా, శివుని చెట్టును శివుని పేర చంపుట అగునా? కోయుటకు ముందొక చెంబు, కోసిన పిదప ఒక చెంబు నీరు పోసిన అక్కయే మనకు ఆదర్శము. విరిగిన కొమ్మను అతికిన భర్త మరియొక ఆదర్శము. చెడిన దానిని బాగుచేయవచ్చునని ఆ కథ ఆశ చూపుచున్నది. ఆశ లేని ఉపదేశము ఎవరికిని పనికిరాదు.

ఇక మన తెలుగు సీమలోనిదే, గుండెను పిండునది, ముసలమ్మ కథ. అనంతపురము పక్కన బుక్కరాయసముద్రమను చెరువు కలదు. విజయనగర రాజుల కాలమునాటిది. ఒక ఏడు ఎడతెగని వానలు కురిసి చెరువు పొంగి కట్ట తెగబోయెనట. కట్ట తెగినచో ఊళ్ళు మిగులవు. అప్పుడు బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మను బలియిచ్చిననే కట్ట నిలుచునని ఒక దైవవాక్కు వినబడెనట. ఆ ఇల్లాలు ఏడ్వలేదు, పారిపోలేదు. ఇంటివారికి చెప్పి, ఊరివారికి మ్రొక్కి, గండిలోనికి నడిచిపోయినది. కట్ట నిలిచినది. కట్టమంచి రామలింగారెడ్డి గారు విద్యార్థిదశలోనే ఈ కథను ‘ముసలమ్మ మరణము’ అను కావ్యముగా వ్రాసిరి. కన్నడములోను దీనికి చెల్లెలి వంటి కథ కలదు. ‘కెరెగె హార’ అని పాడుకొను ఆ పాటలో మల్లనగౌడుడు త్రవ్వించిన చెరువున నీరు పడదు. చిన్నకోడలు భాగీరథిని దానికి అర్పింతురు. అచ్చట నీరు రాక, ఇచ్చట నీరు ఎక్కువై. రెండుచోట్లను పోయినది చిన్నకోడలే.

ఈ కథ వినిన ప్రతివాని కన్నులు చెమర్చును. కన్నీరు మంచిదే. కాని బసవని బిడ్డలమైన మనము కన్నీటితో ఆగరాదు. ఒక ప్రశ్న వేసికొనవలెను. దయయే ధర్మమునకు మూలమని నేర్చిన మనము, బలులను ఖండించిన మనము, ఒక ఆడుబిడ్డను చెరువునకు బలియిచ్చిన కథను ఎట్లు చెప్పవలెను? ఎట్లు వినవలెను?

నేను ఉపాధ్యాయుడను గాన ఈ కథను తరగతిలో చెప్పిన పిమ్మట పిల్లలను ఒక ప్రశ్న అడుగుదును: ‘ముసలమ్మ పోకుండ కట్ట నిలుపుటకు ఊరివారు ముందే ఏమి చేసియుండవచ్చును?’ పిల్లలు మొదట నిశ్శబ్దముగా నుందురు. పిదప ఒకడు ఎండకాలములోనే కట్ట మీద మట్టి పోసియుండవలసినదనును. ఒకడు అలుగు వెడల్పు చేసియుండవలసినదనును. ఒకతె కట్ట మీద ముండ్లపొదలు, ఎలుక బొరియలు చూచుకొనియుండవలసినదనును. ఒకసారి వెనుక బెంచీ పిల్ల లేచి, ‘ఊరిలో అందరు తలా ఒక తట్ట మట్టి మోసియుండినచో ముసలమ్మ బ్రదికియుండును’ అనినది. ఆ పిల్ల మాటకు మించిన వ్యాఖ్యానము నాకు తెలియదు.

అవును, బంధువులారా! వేయి ఇండ్లు వేయి తట్టలు మోయని లోటును ఒక ఇల్లాలు తన ప్రాణముతో పూడ్చినది. పెద్దలు చేయని కాయకమునకు చిన్నకోడలు మూల్యము చెల్లించినది. నేడును అంతియే. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటునిటుగా వాన పడు ఆ అనంతపురము సీమలో ఒక చెరువు పూడిపోయినచో మూల్యము చెల్లించునదెవరు? చెరువు శిఖము భూమిని ఆక్రమించి పట్టా చేయించుకొన్నవాడు కాదు. వేయి అడుగుల బోరు వేయగలిగిన ధనికుడు కాదు. బిందె మోయు స్త్రీ, వలస పోవు కూలివాడు, ఇంకను పుట్టని బిడ్డ. మనము ముసలమ్మను ఇప్పటికిని బలియిచ్చుచునే ఉన్నాము. ఆమెకు పసుపు కుంకుమలతో మ్రొక్కుచున్నాము గాని తట్ట మాత్రము ఎత్తుట లేదు.

మన శరణులలో తట్ట ఎత్తినవాడు ఒకడున్నాడు. సొన్నలిగె సిద్ధరాముడు. సొన్నలిగె అనగా నేటి సోలాపురము. ఆయన జనులను కూడగట్టి అచ్చట పెద్ద చెరువును త్రవ్వించినాడు. నేటికిని సిద్ధేశ్వరాలయము ఆ చెరువు నడుమ నీటిలో నిలిచియున్నది. అల్లమప్రభువు అచ్చటికి వచ్చి, చెరువు త్రవ్వించుటయే సర్వమనుకొంటివా అని ఆయనను నిలదీసినట్లు శూన్యసంపాదనము చెప్పుచున్నది. కొందరు దీనిని చూపి చెరువు పని లౌకికము, మనకది వలదు అందురు. అది పొరపాటు. అల్లముడు చెరువును పూడ్చుమనలేదు. చెరువు త్రవ్వించినానను అహంకారమును పూడ్చుమన్నాడు. అంతట సిద్ధరాముడు కల్యాణమునకు పోయి చెన్నబసవేశ్వరునివలన ఇష్టలింగమును పొందినాడు. ఆయన త్రవ్వించిన చెరువు అట్లే నిలిచినది, ఆయన జ్ఞానమును పొందినాడు. పని లేని జ్ఞానము ఎండిన చెరువు. జ్ఞానము లేని పని గండిపడిన చెరువు. రెండింటను నీరు నిలువదు.

అట్లే నులియ చందయ్యను తలచుడు. చెరువున పెరిగిన గడ్డిని కోసి, త్రాడు పేని, అమ్మి, ఆ వచ్చిన దానితో జంగమ దాసోహము చేసిన శరణుడాయన. మనము నులక మంచమనునపుడు పలుకు నులకయే ఆయన పేరిలోని నులి. ఆ చెరువు ఎండియుండినచో గడ్డి లేదు, త్రాడు లేదు, కాయకము లేదు, దాసోహమును లేదు. కాయకమే కైలాసమని మనము నిత్యము చెప్పుకొనుచున్నాము. ఆ కైలాసమునకు పునాది చెరువు గట్టున ఉన్నదని చందయ్య కథ చెప్పుచున్నది.

ఇప్పుడు నేను చెప్పదలచిన ముఖ్యమైన కథకు వచ్చితిని. ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ. అక్కి యనగా బియ్యము. ఆయ్దక్కి యనగా ఏరిన బియ్యము. కల్యాణమున బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఆ గింజలను వండి జంగమములకు పెట్టి, మిగిలిన ప్రసాదమును తాము స్వీకరించుట ఆ ఇంటి నియమము. అడిగి తెచ్చినది కాదు, కొల్లగొట్టినది కాదు. ఇతరులు త్రొక్కి పోవు గింజను గౌరవముతో వంగి ఏరుకొన్నది.

ఒకనాడు మారయ్య ఎన్నడును లేనంత బియ్యము ఏరి తెచ్చినాడు. ఏ ఇల్లాలైనను సంతోషించును. లక్కమ్మ సంతోషింపలేదు. ‘ఇంత ఎందుకు తెచ్చితివి? నేటి దాసోహమునకు వలసినదెంతయో అంతకు మించినది మనది కాదు. ఈ అధికమైన గింజలను తీసికొనిపోయి తెచ్చిన చోటనే పోసి రమ్ము’ అనినది. మారయ్య వాదింపలేదు. గింజలను మూటగట్టుకొని వెడలి, ఏరిన చోటనే వాటిని విడిచి వచ్చినాడు.

బంధువులారా! ఈ చిన్న కథలో నేటి ప్రపంచమునకు కావలసిన నీతి సమస్తమును ఇమిడియున్నది. మారయ్య దొంగతనము చేయలేదు. గింజలు నేలపాలైనవే, ఎవరును అడుగువారు లేరు. మనము నీటిని గూర్చి ఈ మాటయే అందుము గదా! ‘నా పొలములో నా బోరుబావి, నీరు నా పాదముల క్రిందిది, ఎవరడుగుదురు?’ అందుము. లక్కమ్మ ఆ మాటను ఒప్పుకొనదు. నీ చేతికి చిక్కినదంతయు నీది కాదు. నీ కాయకమునకును దాసోహమునకును వలసినంతయే నీది. తక్కినది నిన్ను నమ్ముకొని నీ దగ్గర ఆగిన పరుల సొత్తు. భూమి లోపలి నీరు తరతరముల వానలు ఇంకి చేరిన నీరు. దానిని ఒక్క పంటకు తోడివేయుట రేపటి జంగమము గిన్నెలోని గింజను నేడే ఏరుకొనుట. ఆ జంగమము ఎవరు? పుట్టబోవు మనుమడే.

ఇందులో మరియొక విశేషము గమనింపుడు. ముసలమ్మ కథలో ఇంటి ఆడుబిడ్డ ప్రాణమిచ్చినది. లక్కమ్మ కథలో ఇంటి ఆడుబిడ్డ నియమమిచ్చినది. అచ్చట పెద్దలు శాసించిరి, కోడలు పోయినది. ఇచ్చట ఇల్లాలు శాసించినది, మగడు నడిచినాడు. ఏ ఇంట లక్కమ్మ మాట చెల్లునో ఆ ఇంట ముసలమ్మ చావనక్కరలేదు. అనుభవ మంటపమున స్త్రీకి మాట ఇచ్చిన బసవేశ్వరుని మహిమ ఇక్కడ తెలియును. నీరు మోయునది స్త్రీ, వంట చెరకు చూచుకొనునది స్త్రీ, ఎంత ఖర్చగునో తెలిసినది స్త్రీ. చెరువును గూర్చి, తోటను గూర్చి ఊరి పెద్దలు కూర్చుండినపుడు ఆమె మాట అడుగక చేయు నిర్ణయము సగము నిర్ణయమే.

కథలతో చెరువులు నిండునా అని కొందరు నవ్వుదురు. నిండవు. కథతో మనసు నిండును; మనసు నిండిన మనిషి తట్ట ఎత్తును; తట్ట ఎత్తిననాడు చెరువు నిండును. తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ అను పేర చెరువుల పూడిక తీయు పని ఆరంభమైనపుడు రైతులు ఆ పూడికమట్టిని తమ పొలములకు తోలుకొనిరి. చెరువునకు లోతు, పొలమునకు సత్తువ. కాని ప్రభుత్వము ఒకసారి తీసిన పూడిక ప్రతి వానకాలమును తిరిగి చేరుచునే ఉండును. దానిని ఏటేట తీయవలసినది ఊరే. వెనుక నీరటి యుండెడివాడు, తూము చూచెడివాడు, ఊరు కలసి కాలువ బాగుచేసెడిది. ఆ అలవాటు తప్పినది. దానిని తిరిగి నిలుపునది ఉత్తర్వు కాదు, ఆచారము.

కావున మఠములకును మన కుటుంబములకును కొన్ని విన్నపములు.

బసవ జయంతి వైశాఖ శుద్ధ తదియనాడు వచ్చును. అది చెరువు అడుగు బయటపడు ఎండకాలము. ఆనాడు పల్లకి సేవకు ముందు, పంచాయతీ వారికిని నీటిపారుదల శాఖ వారికిని తెలిపి, ఇంటికొక మనిషి చొప్పున చెరువు దగ్గర చేరి తలా ఐదు తట్టల పూడిక ఎత్తుదము. స్వామివారు మొదటి తట్ట ఎత్తినచో భక్తులు వెనుదీయరు. అది ముసలమ్మకు మనము పెట్టు నిజమైన నైవేద్యము. మన వారిలో ఎవరైనను శిఖము భూమిలో గాని వాగు కాలువలో గాని గట్టు జరిపియుండినచో, మారయ్య గింజలను తిరిగి పోసినట్లు, ఆ నేలను విడిచిపెట్టుటకు అదియే శుభదినము. పల్లకి మోసిన భుజముతో చెరువు గట్టును జరుపరాదు.

దాసోహమున మోదుగ విస్తళ్ళు, లోహపు లోటాలు వాడుదము. ప్లాస్టిక్ పళ్ళెములు, గ్లాసులు, చెంచాలు మొదలగు వాటిని 2022 జూలై 1 నుండి దేశమంతట నిషేధించిరి. నిషేధము రాకముందే మనము విడిచియుండవలసినది. ప్రసాదము శివుడు ముట్టినది. దానిని మట్టిలో కలియని పళ్ళెములో తిని చెరువులో పారవేయుట ఏ ఆచారము? విస్తరిలో ఒక్క మెతుకు విడువరాదను మన పాత నియమమును పిల్లలకు తిరిగి నేర్పుదము. ఏరిన గింజతో దాసోహము చేసిన మారయ్య వంశము మనది.

పూజా నిర్మాల్యమును సంచులలో కట్టి నీటిలో వేయక, మఠము పెరట గుంత తీసి అందు వేసినచో ఏడాదికి మంచి ఎరువగును. అభిషేక జలమును కాలువపాలు చేయక బిల్వవృక్షపు పాదున చేర్చుడు. ప్రతి మఠమునకును తనదైన బిల్వవనముండవలెను. శ్రావణమాసమున నాటి, మూడు వేసవులు నీరు పోయువాడే ఆ చెట్టునకు భక్తుడు. నాటి ఫోటో తీయించుకొని మరచువాడు భక్తుడు కాడు.

ఇక కథలు చెప్పు తల్లులకును తాతలకును ఒక మాట. సెల్‌ఫోను పిల్లవానిని నిద్రపుచ్చుచున్న ఈ కాలమున కథ మరల మీ నోట పుట్టవలెను. ఏడు చేపలు చెప్పునపుడు చివర, ‘మన ఇంటి వేలు ఏ పుట్టలో ఉన్నది నాయనా?’ అని అడుగుడు. పూలచెట్టు కథ చెప్పిన మరునాడు పిల్లవాని చేత మొక్కకు చెంబెడు నీరు పోయింపుడు. ముసలమ్మ కథ చెప్పిన పిమ్మట వానిని చెరువు కట్టకు తీసికొనిపోయి తూము, అలుగు చూపుడు. లక్కమ్మ కథ చెప్పిన రాత్రి ఇంటిలో అక్కరకు మించి తెచ్చిన వస్తువు ఒకటి వెదకి లేనివారికి ఇచ్చివేయుడు. చెవిన పడిన కథ చేతికి దిగవలెను. చేతికి దిగని కథ చెరువునకు చేరని వాన వంటిది. కురిసినది నిజమే, నిలిచినది లేదు.

శివుడు జటలో నీటిని ధరించినవాడు. ఆ నీటిని ఒక్కసారి విడువక, లోకము ఓర్చుకొనునంత మేర, కావలసినంత మేర విడిచినవాడు. మితము ఆయనకే తెలియును. ఆ మితమును లక్కమ్మ ఎరిగినది. మన ఇండ్లలోని తల్లులకును, మఠములలోని స్వాములకును, పొలములలోని అన్నదమ్ములకును ఆ ఎరుకను సంగమేశ్వరుడు అనుగ్రహించుగాక! ఊరి చెరువు నిండుగాక! ముసలమ్మ ఇంట చల్లగా ఉండుగాక!

ఓం నమశ్శివాయ. శరణు శరణార్థి.